ప్రత్తిసేద్యమున అదను, పదును, లెక్క



గ్రంథాలయ రజతోత్సవ సభలో ప్రత్తిచేనిని గూర్చి ప్రసంగమేమి యని కొందరికి సందేహము కలుగవచ్చును. ఈ సీమలో ఆ సందేహమునకు తావు లేదు. జనగామ జిల్లా పాలకుర్తి మండలమున నున్న బమ్మెరలో భాగవతమును తెనిగించిన పోతన మహాకవి నాగలి పట్టియే బ్రదికెనని తరతరములుగా చెప్పుకొనుచున్నారు. చదువును సేద్యమును రెండు వేరు ఇండ్లలోని పనులని ఈ నేల ఏనాడును తలపలేదు. గ్రంథాలయమునకు చందా చెల్లించు చేతులలో పెక్కు చేతులు ప్రత్తి విత్తుచున్నవే, ప్రత్తి ఏరుచున్నవే. కనుక ఆ చేతుల కష్టమునకు ఫలమెంత, ఆ ఫలము దేనిపై ఆధారపడియున్నది అను విచారము గ్రంథాలయమున జరుగుట సముచితమే.

2016 అక్టోబరు 11వ తేదీన పూర్వపు వరంగల్లు జిల్లా విభజింపబడినప్పుడు జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి అను జిల్లాలు ఏర్పడెను. మూడింటను వానకారు పంటగా ప్రత్తి విస్తారముగా సాగగుచున్నది. కాని మూడును ఒకే నేల కాదు. జనగామ, బచ్చన్నపేట, నర్మెట్ట వైపు చల్కనేలలు, దుబ్బనేలలు ఎక్కువ, వాన తక్కువ. భూపాలపల్లి వైపు, గోదావరి, మానేరు పరీవాహకమున, అడవుల చేరువను వాన ఎక్కువ, రేగడినేలలును కలవు. మానుకోట యని జనులు పిలుచుకొను మహబూబాబాదు ఈ రెంటికి నడుమ నున్నట్టిది. ఒక ఊరిలోనే చెరువు క్రింద వరి, మిట్టమీద ప్రత్తి, నడుమ మిరప కనబడును. విత్తన సంచి మాత్రము మూడు చోట్లను ఒక్కటే. దానిమీద అచ్చువేసిన బొమ్మయు ఒక్కటే. దిగుబడి మాత్రము ఊరికి ఊరికి, చేనికి చేనికి వేరు. ఈ భేదము ఎక్కడ పుట్టుచున్నది? ఈ ప్రసంగమునకు విషయమిదియే.

ఇది కేవలము తెలివితేటలకు సంబంధించిన ప్రశ్న కాదు. 1997-98 సంవత్సరమును ఈ ప్రాంతపు పెద్దలు మరువలేదు. ఆ ఏడు అదను తప్పిన వానలతో ప్రత్తిపై లద్దెపురుగు విరుచుకొనిపడెను. మందుమీద మందు చల్లిరి. పురుగు చావలేదు, అప్పు పెరిగెను. విత్తనము, ఎరువు, మందు అరువిచ్చిన వర్తకునికే పంటయు తాకట్టు. చేను పోయిన దినముననే ఇల్లును పోయినట్లాయెను. పూర్వపు వరంగల్లు జిల్లాలో పలువురు రైతులు ఆ పురుగుమందునే త్రాగి ప్రాణములు తీసుకొనిరి. ప్రత్తిచేనిలో చేసిన పొరపాటు ఎకరమునకు ఇన్ని క్వింటాళ్ళ నష్టముతో ఆగదని, ఇంటిదీపమువరకు పోవునని ఆ ఏడు చాటిచెప్పెను.

ఆ తరువాత 2002లో కాయతొలుచు పురుగును తట్టుకొను బీటీ ప్రత్తికి భారతదేశమున అనుమతి లభించెను. రెండు జన్యువులు గల బోల్‌గార్డు-2 రకమునకు 2006లో అనుమతి వచ్చెను. నేలలోనుండు ఒక సూక్ష్మజీవి జన్యువును ప్రత్తిలో చేర్చుటచే శనగపచ్చపురుగు వంటివి ఆకు, కాయ తిని చచ్చును. ఇది మేలే. అయినను ఈ విత్తనము చేయగలిగినది ఇంతే. అది వానను పిలువజాలదు, కలుపును అణపజాలదు, రసము పీల్చు పచ్చదోమను, తెల్లదోమను, తామరపురుగును చంపజాలదు, నీరు నిలిచిన చేనిలో వేరునకు ఊపిరి పోయజాలదు. విత్తనము శక్తి మాత్రమే. ఆ శక్తిని దిగుబడిగా మార్చునది చేని యాజమాన్యము.

దిగుబడి యనగా నేమో ముందుగా లెక్కవేసి చూడుదురుగాక. ఎకరమున నిలిచిన మొక్కలెన్ని, ఒక్కొక్క మొక్కకు పగిలిన కాయలెన్ని, ఒక్కొక్క కాయలోని ప్రత్తి బరువెంత అను మూడింటి గుణకారమే దిగుబడి. వరుసకు వరుసకు 90 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 60 సెంటీమీటర్లు ఎడముంచినచో ఎకరమునకు సుమారు 7,500 మొక్కలు పట్టును. మొక్కకు 30 కాయలు, కాయకు 4 గ్రాముల ప్రత్తి వచ్చినదనుకొన్నచో 900 కిలోలు, అనగా 9 క్వింటాళ్ళగును. అదే చేనిలో ఐదింట ఒక మొక్క మొలవక పోయినచో మిగిలినవి 6,000. దిగుబడి 720 కిలోలు. ప్రక్కమొక్క కొంత విస్తరించి ఖాళీని కొంత పూడ్చినను పూర్తిగా పూడ్చలేదు. ఒక్క మందు చల్లకమునుపే, ఒక్క పురుగు పుట్టకమునుపే ఇంచుమించు రెండు క్వింటాళ్ళు పోయెనన్నమాట. ఖాళీలను పది దినములలోపల తిరిగి విత్తి నింపవలెనని పెద్దలు తొందరపెట్టుట ఇందులకే. ఆ తరువాత విత్తిన మొక్క పెద్దమొక్కల నీడలో క్రుంగి పెరుగనే పెరుగదు.

ఈ లెక్కలోనే మరియొక విశేషము కలదు. మొక్కల ఎడమును 90కి 30 సెంటీమీటర్లుగా తగ్గించినచో ఎకరమునకు సుమారు 15,000 మొక్కలగును. అప్పుడు మొక్కకు 15 కాయలు నిలిచినను చాలును; అదే 9 క్వింటాళ్ళు చేతికందును. మొక్కకు 15 కాయలు కాయించుట 30 కాయించుటకంటె తేలిక. అంతకుమించి ఆ 15 కాయలు మొదటి విడత పూతలోనే నిలుచును. చల్కనేలలో పదును త్వరగా తరుగును గనుక మొదటి పూతకు గల విలువ తుదిపూతకు లేదు. ఆకుమడి వలె వ్యాపించిన పెద్దమొక్కలు చూపునకు అందముగ నుండవచ్చును. ఆశ్వయుజమున నేల ఎండినప్పుడు వాని పైకొమ్మల కాయలు గట్టిపడక ముడుచుకొనును. అందుచేతనే తేలికనేలలలో దగ్గరగా విత్తవలెనను సలహాను వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఇచ్చుచున్నారు. 2023లో కేంద్ర ప్రభుత్వము నాగపూరులోని కేంద్ర ప్రత్తి పరిశోధన సంస్థ ద్వారమున దగ్గర ఎడము పద్ధతిని రైతుల చేలలో ప్రదర్శించు ప్రత్యేక కార్యక్రమమును ఆరంభించినప్పుడు తెలంగాణమును అందు చేర్చెను.

అయితే దగ్గరగా విత్తుట అన్ని నేలలకు సరిపడు మంత్రము కాదు. లోతైన రేగడిలో మొక్క ఏపుగా పెరుగును. అక్కడ దగ్గరగా విత్తి పెరుగుదలను అదుపున పెట్టనిచో చేను గుబురై, గాలి వెలుతురు చొరక, క్రింది కాయలు కుళ్ళును. మెపిక్వాట్ క్లోరైడు వంటి పెరుగుదల నియంత్రకములను శాస్త్రజ్ఞులు ఇందులకే చెప్పుదురు. నేలను బట్టి ఎడము, ఎడమును బట్టి సంరక్షణ. పొరుగువాడు విత్తెనని విత్తుట సేద్యము కాదు.

ఇక అదను. మృగశిర కార్తె జూన్ 8వ తేదీ ప్రాంతమున ప్రవేశించును. తొలకరి చినుకు పడగానే, ఒక్కొక్కప్పుడు పడకమునుపే, పొడిదుక్కిలో ప్రత్తి గింజ నాటు అలవాటు ఈ సీమలో ప్రబలినది. ఒక చిన్నవానకు గింజ ఉబ్బి, మొలక తలయెత్తులోపల ఎండకాసిన యెడల మొలక మాడిపోవును. మరల విత్తనము, మరల కూలి. ఒక్కొక్క ఏడు మూడుమారులు విత్తినవారును కలరు. చల్కనేలలో 50 నుండి 60 మిల్లీమీటర్లు, రేగడినేలలో 60 నుండి 75 మిల్లీమీటర్లు వాన పడి, నేల జానెడు లోతు తడిసిన పిదప విత్తవలెను. చేతికి వచ్చిన మట్టిని ముద్దచేసి విడిచినప్పుడు ముద్ద నిలిచినచో పదునున్నదని పూర్వులు చూచెడివారు; ఆ పరీక్ష నేటికిని చెల్లును. ఆరుద్ర, పునర్వసు కార్తెలు ప్రత్తికి మంచి అదను. జూలై 20 దాటి పుష్యమి ప్రవేశించిన పిదప విత్తిన ప్రత్తికి చలిలో కాయ పగులుట ఆలస్యమై, పురుగు బెడదయు హెచ్చును. అట్టి ఏడు కంది, ఆముదము వంటి పంటవైపు మరలుటయే బుద్ధిమంతుల పని.

పడిన వానను చేనిలోనే నిలుపుట జనగామ వైపు రైతునకు ప్రాణము. వాలునకు అడ్డముగా దున్ని, అడ్డముగా విత్తవలెను. వరుసల నడుమ గొడ్డుచాళ్ళు తీసినచో పెద్దవాన నీరు పరుగిడక చాలులోనింకును. చెరువు పూడికమట్టి చల్కకు అమృతప్రాయము. దానిలోని మెత్తని ఒండ్రు నీటిని, ఎరువును పట్టియుంచును. కాకతీయుల నాటి చెరువులు ఈ మూడు జిల్లాలలోను కలవు. 2015లో మిషన్ కాకతీయ పేర చెరువుల పూడికతీత ఆరంభమైనప్పుడు ఆ మట్టిని చేలకు తోలుకొన్న రైతులు దాని ఫలమెరుగుదురు. బోరుబావి గలవారు గూడ నీటిని మొదటినుండి ధారాళముగ పెట్టరాదు. తొలి నెలన్నరలో కొంచెము నీటికొరత యున్ననే తల్లివేరు లోతునకు దిగును. పూత, కాయ ఊరు సమయమున మాత్రము బెట్ట తగులనీయరాదు. అప్పుడు ఒకటి రెండు తడులు ఇచ్చినను పంట నిలుచును.

భూపాలపల్లి వైపు రేగడిలో బాధ దీనికి విపర్యయము. శ్రావణ భాద్రపదములలో ముసురు పట్టినచో చేనిలో నీరు నిలుచును. ప్రత్తి వేరునకు నీరు ఎంత అవసరమో గాలియు అంత అవసరము. రెండు దినములు నీట మునిగిన వేరు పని మానును, ఆకు పసుపుబారును, గూడ, పిందె రాలును. బెట్ట తరువాత ఒక్కమారుగా పెద్దవాన కురిసి ఎండకాసినప్పుడు పచ్చని మొక్కలు ఒకటి రెండు దినములలోనే తలలు వాల్చుట పెక్కుమంది చూచియుందురు. దానిని ఎండుతెగులని భ్రమించి మందులకై పరుగిడుదురు. అది తెగులు కాదు. వేరు నీటిని పీల్చలేని స్థితి. ముందు చేయవలసినది నీటిని బయటికి తీయుట. కాలువలు వాన వచ్చిన పిదప త్రవ్వునవి కావు, విత్తునప్పుడే తీసియుంచవలసినవి. రేగడిలో బోదెలమీద విత్తిన చేను ముసురులో గూడ తేరుకొనును.

ఇక పోషణము. తెలంగాణలో ప్రత్తి సంకరరకములకు ఎకరమునకు 48 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరము, 24 కిలోల పొటాషు వేయవలెనని విశ్వవిద్యాలయపు సిఫార్సు. భాస్వరమంతయు విత్తునాటికే దుక్కిలో వేయవలెను. నత్రజని, పొటాషులను నాలుగు పాళ్ళుచేసి, విత్తిన 20, 40, 60, 80 దినములకు వేయవలెను. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని గనుక ఒక్కొక్క దఫాకు సుమారు 26 కిలోల యూరియా, దానికి తోడు 10 కిలోల మ్యూరేటు ఆఫ్ పొటాషు చాలును. పదును లేని నేలపై యూరియా చల్లినచో గాలికి పోవును. పెద్దవాన ముందర చల్లినచో వాగునకు పోవును. మొక్క మొదటికి కొంచెము దూరమున, గుంటక తోలుటకు ముందు వేసి మట్టిలో కలిసిపోవునట్లు చేయవలెను. బస్తాలు బస్తాలుగా యూరియా వేసిన చేను నల్లపచ్చగా నిగనిగలాడును. ఆ నిగనిగ చూచి రైతు సంతోషించును, పచ్చదోమయు సంతోషించును. మెత్తని ఆకు రసము దానికి విందు. పశువుల ఎరువు 4, 5 టన్నులు వేసిన చేనిలో రసాయనపు ఎరువు గూడ మేలుగా పని చేయును. మూడేండ్లకొకమారు మట్టిపరీక్ష చేయించి, ఆ చీటీ చెప్పినంతయే వేయుట ఖర్చు తగ్గించు మొదటి మార్గము.

ప్రత్తిమొక్క స్వభావమును రైతు ఎరుగవలెను. వరి వలె అది ఒకమారు పూచి, ఒకమారు పండి, ముగియునది కాదు. విత్తిన 35 నుండి 45 దినములకు గూడ కట్టును. 60వ దినము అటునిటుగా పూయును. పూవు విచ్చిన నాడు వెన్నెలవన్నెతో నుండి, మరునాటికి గులాబిరంగు తిరుగును. పూవునుండి కాయ పగులుటకు సుమారు ఏడు వారములు పట్టును. ఈలోగా పైకొమ్మలలో క్రొత్త గూడ పుట్టుచునే యుండును. ఒకే కాలమున ఆకు, గూడ, పూవు, కాయ అన్నియు తల్లిని ఆహారమడుగును. ముసురుపట్టి ఎండ తగ్గినను, బెట్ట తగిలినను, నీరు నిలిచినను, తల్లి తాను పోషింపలేని పిల్లలను రాల్చివేయును. గూడ రాలినంతనే పురుగని మందు కొట్టరాదు. రాలిన గూడను చేతికి తీసికొని చూడవలెను. రంధ్రమున్నచో పురుగు, రంధ్రము లేనిచో మొక్క బాధ. ఆకు ఎఱ్ఱబారుటయు అట్టిదే. నడిమి ఆకుల ఈనెలు పచ్చగా నుండి తక్కిన భాగము ఎఱ్ఱనైనచో మెగ్నీషియపు లోపము. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియము సల్ఫేటు కలిపి 45, 75 దినములకు చల్లవలెను. అంచులనుండి ఆకు ముడిచి ఎఱ్ఱనైనచో పచ్చదోమ. రెండింటికి రెండు వేరు మందులు. తెలియనిచో రెండు ఖర్చులును వృథా.

కలుపు సంగతి మానుకోట వైపు రైతులు బాగుగా ఎరుగుదురు. అక్కడ వరినాట్లు, మిరపనారు, ప్రత్తికలుపు ఒకేసారి వచ్చిపడును, కూలి దొరకదు. ప్రత్తి మొదటి ఏడెనిమిది వారములు మెల్లగా పెరుగును. తుంగ, గరిక, వయ్యారిభామ అంతలోనే ఆక్రమించును. ఆ ఏడెనిమిది వారములు చేను శుభ్రముగ నున్నచో తరువాత ప్రత్తి నీడయే కలుపును అణచివేయును. నిలువుకు అడ్డమునకు అచ్చుతోలి నాటిన పాత పద్ధతిలో గుంటక రెండువైపుల తిరుగును. దగ్గరగా నాటినప్పుడు ఒకవైపే తిరుగును. ఎడమును నిర్ణయించునప్పుడే కలుపు తీయు దారిని గూడ యోచింపవలెను. గుంటక కలుపును చంపుటయే గాక, నేలపై నెఱ్ఱెలను మూసి పదును ఆవిరి కాకుండ కాపాడును. కలుపుమందును తట్టుకొనునని చెప్పి సంచి లేక, చీటీ లేక చాటుగా అమ్మువారి గింజను కొనువాడు తన ఇంటి తలుపును తానే తెరచి దొంగను పిలిచినట్లగును. ఆ గింజ మొలవనిచో అడుగుటకు చిరునామా గూడ నుండదు. 2002లోను 2006లోను అనుమతి పొందినవి పురుగును తట్టుకొనునవే గాని కలుపుమందును తట్టుకొనునవి కావు.

పురుగుల విషయమున జనగామ జిల్లాలోనే ఒక దృష్టాంతము కలదు. లింగాల ఘనపురము మండలములోని ఏనబావి అను చిన్న ఊరివారు రసాయన మందులను, తరువాత రసాయన ఎరువులను క్రమముగా మాని, 2006లో తమ ఊరిని రసాయనరహిత గ్రామముగా ప్రకటించుకొనిరి. వారు అవలంబించిన మార్గములు కంటికి చిన్నవి: వేసవిలో లోతుగా దున్ని నేలలోని కోశములను ఎండకు, పక్షులకు అప్పగించుట; లద్దెపురుగు గ్రుడ్లు పెట్టుటకు గట్లపై ఆముదము నాటి, ఆ ఆకులను త్రుంచివేయుట; వేపగింజల కషాయము చల్లుట; దోమలకు జిగురు పూసిన పసుపు అట్టలు నిలుపుట. ప్రతి ఊరును అట్లే కావలెనని చెప్పుట కాదు. మందుడబ్బాకు ముందు చేయదగిన పనులు ఇన్ని కలవని చూపుటకే ఈ ప్రస్తావన. తప్పనిసరి అయినప్పుడు లేతవయసున కాండమునకు మందుపూత పూయుట మేలు. చేనంతయు చల్లనక్కరలేదు, పురుగులను తిను అక్షింతలపురుగు, సాలీడు వంటి మిత్రజీవులు బ్రదుకును. మూడు నాలుగు మందులు కలిపి కొట్టుట, ఒకే మందును మరలమరల కొట్టుట పురుగును చంపుట కాదు, పురుగునకు వ్యాయామము నేర్పుట.

ఇప్పుడు అన్నిటికంటె భయంకరమైనది గులాబిరంగు పురుగు. బీటీని గూడ అది తట్టుకొను శక్తి సంపాదించినది. కాయలోనికి చిన్నపిల్లగా ప్రవేశించిన పిదప రంధ్రము మూసికొనిపోవును. పైకి కాయ నవనవలాడుచుండగనే లోన గింజ, దూది నాశనమగును. విచ్చుకొనక ముడిచియుండు గుడ్డిపూలు దాని తొలిజాడ. లింగాకర్షక బుట్టలను ఎకరమునకు నాలుగైనను కట్టి, దినమునకు బుట్టకు ఎనిమిది రెక్కలపురుగుల వంతున వరుసగా మూడు దినములు పడినచో మందునకు వేళయైనదని గ్రహింపవలెను. పది పచ్చికాయలు కోసి చీల్చి చూడుట మరియొక పరీక్ష. ఒకదానిలో పురుగున్నను ఉపేక్షింపరాదు. కాని అసలు మందు మరియొకటి కలదు. దానికి ధర లేదు. డిసెంబరు నెలాఖరునకు పంట ముగించి, కట్టెను పీకి ముక్కలుచేసి నేలలో కలుపుట. నీరున్నది గదా యని మార్చి, ఏప్రిలు వరకు చేనిని కార్శిపంటగా ఉంచినవాడు రెండు క్వింటాళ్ళు అధికముగ పొందునేమో; మరుసటి ఏటికి ఊరంతటికి పురుగును పెంచిపెట్టును. ఒక్కడు తీసి పదుగురు ఉంచినచో ఫలము లేదు. ఇది ఒక చేని పని కాదు, ఊరి పని.

మందు చల్లువారి ప్రాణమును గూర్చి గూడ ఒక మాట. 2017లో పొరుగున నున్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో ప్రత్తిచేలకు మందులు చల్లుచు విషము సోకి పలువురు రైతులు, కూలీలు మరణించిరి. ఆ ఏడు ప్రత్తి తలకుమించి పెరిగి, పైకి చల్లిన మందు చల్లినవారి ముఖముననే పడెనని విచారించినవారు చెప్పిరి. మొక్క ఎత్తును అదుపున నుంచుట దిగుబడి కొరకే కాదు, మనిషి కొరకును. గాలికి ఎదురుగా చల్లరాదు. ముక్కునకు, నోటికి గుడ్డ కట్టవలెను. ఒంటినిండ బట్ట యుండవలెను. పని ముగియగనే సబ్బుతో స్నానము చేసిననే అన్నము ముట్టవలెను.

పంట ఇంటికి వచ్చునప్పుడును అజాగ్రత్త తగదు. ప్రత్తి ఏరువారిలో అధికులు స్త్రీలు. కిలోకింత యని కూలి కట్టుటచే తొందర పెరుగును; తొందరలో ఎండుటాకు, పుల్ల, పుచ్చుప్రత్తి అన్నియు ఒకే మూటలో పడును. ఉదయపు మంచు ఆరిన పిదప ఏరి, మంచిదానిని పుచ్చుదానిని వేరుచేసి, యూరియా సంచులలో గాక నూలుగుడ్డలో కట్టి, నీడను ఆరబెట్టవలెను. 1970లో నెలకొల్పబడిన భారత ప్రత్తి సంస్థ కొనుగోలు కేంద్రములలో తేమ నూటికి 8 పాళ్ళున్న ప్రత్తికి పూర్తి మద్దతు ధర. ఆపైన 12 వరకు తేమను బట్టి ధర తగ్గును. 12 దాటినచో కొనరు. ఆరు నెలల కష్టము రెండు దినముల ఎండకు ఓర్వక తగ్గుధరకు పోవుట ఏనుమాముల మార్కెట్టులో బండి దింపిన ప్రతి రైతునకు అనుభవమే.

ప్రత్తి సాగగు విస్తీర్ణమున ప్రపంచమునకెల్ల భారతదేశమే ముందున్నది. హెక్టారు దిగుబడిలో మాత్రము ప్రపంచపు సగటుకంటె వెనుకబడియున్నది. బ్రెజిలు దేశమున గూడ ప్రత్తిలో హెచ్చుభాగము వానపైననే ఆధారపడును. అయినను అక్కడ మొక్కలు దగ్గరగా, పొట్టిగా నిలిచి, ఒకేసారి కాచి, ఒకేసారి ముగియును. వారి భూములు విశాలములు, యంత్రములు పెద్దవి. ఇక్కడి రెండెకరముల రైతు వారిని అనుకరింపజాలడు. అయినను వారి పద్ధతిలోని సారము, అనగా కాలము మించక కొద్దికాయలను నిండుగా పండించి చేనిని ముగించుట, చిన్నరైతునకును సాధ్యమైనదే.

తుదకు లెక్క. అదను, పదును రెంటిని ఎరిగిన రైతు గూడ లెక్క వ్రాయనిచో మరునాటికి మరచును. ఏ తేదీన ఎన్ని మిల్లీమీటర్ల వాన పడినది, ఏనాడు విత్తినది, ఎన్ని ఖాళీలు వచ్చినవి, ఏ ఎరువు ఎంత వేసినది, ఏ మందునకు ఎంత వెచ్చించినది, ఎన్ని క్వింటాళ్ళు ఏ ధరకు పోయినది అను ఈ పది పంక్తులు ప్రతి చేనికి వ్రాసియుంచినచో, మూడేండ్లలో ఆ ఊరికి ఆ ఊరిదే యైన వ్యవసాయ గ్రంథము సిద్ధమగును. వరంగల్లులోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానమువారు, మల్యాలలోని కృషి విజ్ఞాన కేంద్రమువారు చెప్పు సలహా అందరికి. ఈ గ్రంథము చెప్పు సలహా ఆ ఊరి నేలకు. దానిని వ్రాయుటకు పండితుడు కానక్కరలేదు; బడికి పోవు బాలికయైనను తండ్రి చెప్పగా వ్రాయగలదు. అప్పు ఎక్కడ మొదలైనదో, ఏ డబ్బాకు పెట్టిన డబ్బు వృథాయైనదో ఆ పుటలే చూపును. 1997-98లో అట్టి పుటలు ఇంటింట నున్నచో, మూడవమారు, నాలుగవమారు మందు కొనుటకు ముందు కొందరైనను ఆగి చూచుకొని యుందురు.

గ్రంథాలయపు బీరువాలో పురాణములు, ప్రబంధములు, నవలలు కలవు. వాని ప్రక్కను ఊరి ప్రత్తిచేల లెక్కల పుస్తకమునకు గూడ ఒక అర కేటాయింపబడుగాక. రాబోవు మృగశిరకు ముందు ఒక సాయంకాలము రైతులు కూడి, గడచిన ఏటి పుటలు చదువుకొని, ఎవరి నేలకు ఏ ఎడము, ఎవరి చేనికి ఏ కాలువ యని తర్కించుకొని, డిసెంబరులో కట్టె పీకుటకు ఒక తేదీని ఊరంతయు కలిసి నిర్ణయించుకొనుదురుగాక. రజతోత్సవపు దీపము ఆరిన పిదపను వెలుగుచుండునది అట్టి పనియే.